రాసుకోని తేదీ

2017 జూలై 15. మన పంచాంగంలో ఆషాఢం. ఢిల్లీలో వానలు పడుతున్న రోజులు. నగరానికి దక్షిణపు కొసన ఉన్న ఘిటోర్నిలో, నేల కింది ట్యాంకు ఒకటి శుభ్రం చేసేందుకు కూలీలు దిగారు. వాళ్ళలో నలుగురు మళ్ళీ పైకి రాలేదు. ఐదో మనిషిని ఆసుపత్రికి చేర్చారు. బతికాడు.

మూడు వారాలు గడిచాయి. ఆగస్టు 6న లాజ్‌పత్ నగర్ మురుగు కాలువలో ముగ్గురు పోయారు. ఆగస్టు 12న ఆనంద్ విహార్‌లో ఒక మాల్ మురుగు ట్యాంకు అన్నదమ్ములిద్దరినీ మింగింది. వాళ్ళను కాపాడబోయిన తండ్రీ, ఒక అగ్నిమాపక ఉద్యోగీ ఆసుపత్రి పాలయ్యారు. ఆగస్టు 20న లోక్‌నాయక్ ఆసుపత్రి ఆవరణలోని మురుగు కాలువ మరొకరిని తీసుకుంది. ఆ మర్నాడు పోలాల అమావాస్య. బిడ్డలు చల్లగా ఉండాలని మన తల్లులు కంద మొక్కకు పూజ చేసే రోజు.

ఆషాఢంలో మొదలై శ్రావణం ముగిసేలోగా పదిమంది. అందరూ పొట్టకూటి కోసం దిగినవాళ్ళే. ఎవరూ తమ ఇంటి మురుగు కోసం దిగలేదు.

అప్పుడు నగరం ఉలిక్కిపడింది. మనుషులను మురుగులోకి దించరాదని లెఫ్టినెంట్ గవర్నర్ ఆదేశించారు. నిజానికి ఆ మాట చెప్పే చట్టం 2013 నుంచే ఉంది. ఆదేశం వచ్చి ఏడాది తిరిగింది. 2018 సెప్టెంబర్ 9, ఆదివారం. పశ్చిమ ఢిల్లీ మోతీ నగర్‌లో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయం. అక్కడి మురుగుశుద్ధి ట్యాంకులో ఐదుగురు చనిపోయారు. అందరూ యువకులే. తమవాళ్ళు చేరింది ఈ పనికి కాదని ఇంటివాళ్ళు మొత్తుకున్నారు. ఐదు రోజులకే ద్వారక పక్కన డాబ్రీలో మరో మరణం. నడుముకు కట్టిన తాడు తెగి ఒక కార్మికుడు మురుగు కాలువలో పడిపోయాడు. శ్మశానంలో తండ్రి ముఖం మీది గుడ్డ తొలగించి ఏడుస్తున్న పసివాడి ఫోటో దేశమంతా చూసింది. దహనానికి డబ్బు లేని ఆ ఇంటికి ముక్కూ మొహం తెలియనివాళ్ళు లక్షల రూపాయలు పంపారు.

మనకు జాలి లేదని ఎవరూ అనలేరు. జాలి ఉంది. లేనిది జ్ఞాపకం. ఈ గాథలో చావు తేదీలన్నీ పత్రికల్లో ఉన్నాయి. వాటికి ఎన్నో ఏళ్ళ ముందు ఎవరూ రాసుకోకుండా వదిలేసిన తేదీలు కొన్ని ఉంటాయి. ఇంటి సెప్టిక్ ట్యాంకు చివరిసారి ఎప్పుడు తీయించాం? ఆ తేదీ దగ్గరే పతనం మొదలవుతుంది.

ఢిల్లీలో అనుమతి లేని కాలనీలు 1,700 పైచిలుకు. సంగం విహార్ లాంటి చోట్ల జనం దశాబ్దాల పాటు మురుగు పైపు లేకుండానే బతికారు. చెమటోడ్చి కూడబెట్టిన డబ్బుతో యాభై గజాల ప్లాటు కొని, నేల మీద గది, దాని మీద మరో గది లేపుతారు. గేటు పక్కనో మెట్ల కిందో గొయ్యి తవ్వి, సెప్టిక్ ట్యాంకు కట్టించి మూత వేస్తారు. కొన్నాళ్ళకు కొడుకు పెళ్ళి వస్తుంది. వాకిలి అందంగా ఉండాలని మూత మీదుగా టైల్స్ పరుస్తారు. ఆ రోజుతో ట్యాంకు ఇంటివాళ్ళ కళ్ళకు కనబడకుండా పోతుంది. కంటికి కనబడనిది మనసుకూ దూరమవుతుంది.

లోపల మాత్రం పని ఆగదు. ఇంటి నుంచి వచ్చిన మురుగులో బరువైనది అడుగున మడ్డిగా చేరుతుంది. నూనె, జిడ్డు పైన తెట్టు కడతాయి. మధ్యలోని నీరు ఇంకుడు గుంతకు పోతుంది. గాలి తగలని ఆ చీకటిలో సూక్ష్మజీవులు మడ్డిని కొంత తింటాయి, మొత్తం తినలేవు. అందుకే రెండు మూడేళ్ళకోసారి ట్యాంకు తీయించాలని ప్రభుత్వ ఇంజినీర్లు చెబుతారు. అప్పటికి మడ్డి ఇంకా జారుగానే ఉంటుంది. వాక్యూమ్ ట్యాంకర్ వచ్చి పైపు వేస్తే గంటలో లాగేసుకుంటుంది. ఎవరూ దిగనక్కర్లేదు.

పదేళ్ళు, పదిహేనేళ్ళు వదిలేస్తే కథ మారిపోతుంది. మడ్డి గట్టిపడి రాయిలా పేరుకుంటుంది. ఒక వానాకాలం రాత్రి బాత్‌రూంలో నీళ్ళు వెనక్కి తన్నుతాయి. ఇల్లంతా కంపు. ట్యాంకర్ వస్తుంది, పైపు వేస్తుంది, పైనున్న నీళ్ళే వస్తాయి. అడుగున ఉన్నది కదలదు. అప్పుడు వినబడే మాట ఒకటే: ఎవరినైనా దించాలి. బకెట్టు, తాడు, పార తెస్తారు. కూలీల అడ్డాకు కబురు వెళుతుంది. కొన్ని వందలు ఎక్కువ ఇస్తామంటారు. ఆ కబురు అందుకుని వచ్చేవాళ్ళలో ఎక్కువమంది, తరతరాలుగా ఈ పనికి కట్టిపడేసిన కులాలవాళ్ళే.

మన ఊళ్ళలో పాడుబడ్డ నూతిలోకి దిగే ముందు పెద్దలు లాంతరుకు తాడు కట్టి కిందికి దించేవారు. దీపం ఆరిపోతే మనిషి దిగేవాడు కాదు. సెప్టిక్ ట్యాంకు దగ్గర ఆ ఉపాయం కూడా పనికిరాదు. లోపల ఉండే మీథేన్ మంట తగిలితే పేలుతుంది. మీథేన్‌తో పాటు హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. అది గాలి కన్నా బరువు, అడుగునే పడి ఉంటుంది. మొదట కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. గాలిలో పదిలక్షల పాళ్ళకు నూరు పాళ్ళు చేరేసరికి ముక్కు మొద్దుబారి వాసన తెలియదు. కంపు తగ్గిందనుకుని మనిషి ఇంకో మెట్టు దిగుతాడు. ఏళ్ళ తరబడి గట్టిపడ్డ మడ్డిని పారతో కదపగానే, లోపల బంధించి ఉన్న వాయువు ఒక్కసారిగా బయటపడుతుంది. వెయ్యి పాళ్ళకు దగ్గరైతే ఒకటి రెండు శ్వాసలే. అరిచే వ్యవధి కూడా ఉండదు.

పైన నిలబడ్డవాడు పేరు పెట్టి పిలుస్తాడు. జవాబు రాదు. తొంగి చూస్తే తోటివాడు ఒరిగిపోయి కనిపిస్తాడు. ఇక ఆగలేడు, దిగుతాడు. అతని కోసం ఇంకొకరు దిగుతారు. ఇలాంటి వార్తలు చాలాసార్లు ఒక్క పేరుతో ఆగవు; ఇద్దరు, ముగ్గురు, ఐదుగురు. మొదటి మనిషిని గొయ్యి చంపుతుంది. తర్వాతివాళ్ళను వాళ్ళ మంచితనం చంపుతుంది.

ఈ చావులను లెక్కపెట్టి, ప్రతి లెక్క వెనకా ఒక ముఖం ఉందని ఢిల్లీకి చెబుతున్న గొంతు ఒకటి ఉంది. కోలార్ బంగారు గనుల ఊళ్ళో, పాకీపని చేసే కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్‌ది ఆ గొంతు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పేదల పక్షాన నిలిచిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్‌తో కలిసి ఆయన సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నిలబెట్టారు. 2016లో మెగసెసే పురస్కారం అందుకున్నారు. ఆ సంస్థ 2003లో సుప్రీంకోర్టు తలుపు తట్టింది. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది: మురుగులో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ పది లక్షల రూపాయలు ఇవ్వాలి. 2023 అక్టోబర్‌లో కోర్టు దాన్ని ముప్ఫై లక్షలకు పెంచింది. మోతీ నగర్, డాబ్రీ మరణాల తర్వాత 2018 సెప్టెంబర్ 25న జంతర్ మంతర్ దగ్గర భర్తలను, కొడుకులను పోగొట్టుకున్న ఆడవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళు అడిగింది పరిహారం పెంచమని కాదు. మమ్మల్ని చంపడం ఆపండి అని.

ఆగలేదు. 2019 మే నెలలో రోహిణి దగ్గర భాగ్య విహార్‌లో ఒక ఇంటి సెప్టిక్ ట్యాంకు ఇద్దరిని బలి తీసుకుంది. ఆ ఆగస్టులో గాజియాబాద్ మురుగు కాలువలో ఐదుగురు. 2024 మేలో నోయిడా సెక్టార్ 26లో ఒక ఇంటి దగ్గర ఇద్దరు. 2019 నుంచి 2023 దాకా దేశం మొత్తం మీద మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో 377 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది.

మురుగు కాలువ ప్రభుత్వానిది. దాని గురించి ప్రభుత్వాన్ని నిలదీయాలి, నిలదీస్తూనే ఉండాలి. గేటు పక్కనున్న సెప్టిక్ ట్యాంకు మాత్రం మనది. దాని మూత తాళం మన చేతిలోనే ఉంది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని అందులోకి దించితే, దించినవాడు మున్సిపాలిటీ అయినా, కాంట్రాక్టర్ అయినా, ఇంటి యజమాని అయినా నేరమే. మొదటి తప్పుకే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కానీ ఆ భయంతో ఈ పని చేయమని అడగను. ఒక ప్రాణం విలువ తెలిసినవాళ్ళుగా చేయమని అడుగుతున్నాను.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. మూత మీద టైల్స్ పరచకండి, తెరవడానికి వీలుగా ఉంచండి. గాలి గొట్టం మూసుకుపోకుండా చూడండి. వాడిన నూనె, ప్లాస్టిక్, శానిటరీ ప్యాడ్లు లోపలికి పోనివ్వకండి. ఘాటైన ఆసిడ్లు మడ్డిని తినే సూక్ష్మజీవులను చంపేస్తాయి, అవీ వద్దు. రెండు మూడేళ్ళకోసారి ట్యాంకర్‌ను పిలవండి. లాగిన మురుగును శుద్ధి కేంద్రానికే తీసుకెళతారా అని అడగండి; నజఫ్‌గఢ్ నాలాలో పోస్తే అది యమునకే చేరుతుంది. ట్యాంకర్ ఎక్కడ దొరుకుతుందో తెలియకపోతే 14420కి ఫోన్ చేయండి. మడ్డి గట్టిపడి రాకపోతే నీళ్ళు జోరుగా కొట్టి కరిగించే యంత్రాలున్నాయి, వాటిని రప్పించండి. దిగుతాను సార్, పర్లేదు అని ఎవరైనా ముందుకొచ్చినా వద్దనండి. ఆ మాట అతను ధైర్యంతో అనడు, ఇంటి అవసరంతో అంటాడు.

ఆ పదిమంది ఇళ్ళలో ఏటా వానాకాలం వస్తుంది. జూలై 15 వస్తుంది, ఆగస్టు 6, 12, 20 వస్తాయి. ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. మన ఇళ్ళలో గోడ మీద క్యాలెండర్ ఉంటుంది. గ్యాస్ బండ వచ్చిన రోజు, పాలవాడు రాని రోజు, పిల్లల పరీక్షలు, ముక్కోటి ఏకాదశి, అన్నిటికీ గుర్తు పెట్టుకుంటాం. అందులోనే ఒక గడిలో, ఈ ఏడాది ట్యాంకు తీయించిన తేదీ రాయండి. దాని కింద, మళ్ళీ తీయించాల్సిన తేదీ రాయండి.