అయస్కాంత దృష్టాంతం: ఒక శిల, మూడు దర్శనాలు

తెలుగులో దీనిని సూదంటురాయి అంటాము, అనగా సూది అంటుకొనే రాయి. సంస్కృతంలో అయస్కాంతం, అనగా అయస్సునకు (ఇనుమునకు) ప్రియమైనది. ఒక నామం ఆ శిల చేసే కార్యాన్ని చెబుతున్నది, మరొకటి ఆ కార్యంలో అనురాగాన్ని దర్శిస్తున్నది. భూమిలో సహజంగా లభించే ఈ నల్లని రాయి స్వయంగా ఇనుప ఖనిజమే. చేయి తగలకుండా, దారం కట్టకుండా సూదిని కదిలించే ఈ జడపదార్థం మన దార్శనికులను ఎట్లు ఆలోచింపజేసిందో, వారి వాదాలలో ఏ స్థానం పొందిందో పరిశీలిద్దాము.

కణాద మహర్షి వైశేషిక సూత్రాల పంచమాధ్యాయంలో కర్మను, అనగా చలనాన్ని, విచారించారు. రోకలి ఎందుకు పైకి లేస్తున్నది? చేతితో సంయోగం వలన. చేయి ఎందుకు లేస్తున్నది? ఆత్మ ప్రయత్నం వలన. పట్టు విడిచిన వస్తువు ఎందుకు పడుతున్నది? గురుత్వం వలన. ఇట్లు ప్రతి చలనానికీ కారణాన్ని నిర్దేశిస్తూ వచ్చిన మహర్షి, మణి వైపు సూది ప్రాకడం వద్ద మాత్రం అదృష్టమే కారణమన్నారు. నేటి వాడుకలోని భాగ్యమనే అర్థం ఇక్కడ చాలదు. దృష్టం కానిది అదృష్టం. దానిని ప్రాణుల ధర్మాధర్మ సంస్కారంగా వ్యాఖ్యాతలు వివరించారు. అగ్నిజ్వాల ఊర్ధ్వముఖంగా ఎగయడానికి, వాయువు అడ్డంగా వీచడానికి, వృక్షాలలో జలం పైకి ప్రాకడానికి కూడా మహర్షి ఈ హేతువునే చెప్పారు. ప్రత్యక్షమైన కారణం ఉన్నచోట దానినే చెప్పి, కానరాని చోట కానరాదని వేరుపరచడం ఆ శాస్త్రపు నిష్ఠ.

వైద్యులు ఆ కారణం తెలిసేదాకా ఆగలేదు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో శరీరంలో దిగిన శల్యాన్ని తీసే పదిహేను ఉపాయాలు ఉన్నాయి. అందులో అయస్కాంతం ఒకటి. అయితే శల్యం ఎముకలో గాని మాంసంలో గాని బిగిసి ఉండరాదు, దానికి ముళ్ళ వంటి చెవులు ఉండరాదు, గాయపు ముఖం విశాలంగా ఉండాలి అని నియమాలు విధించారు. అనుభవం మీద నిలిచిన జ్ఞానానికి ఈ నియమాలే సాక్ష్యం. తరువాతి కాలపు రసరత్నసముచ్చయం కాంతలోహాన్ని భ్రామకం, చుంబకం, కర్షకం, ద్రావకం, రోమకాంతం అని ఐదు విధాలుగా విభజించింది.

తాత్త్విక వాదంలో ఈ శిల ప్రాముఖ్యం ఇంకా గొప్పది. సాంఖ్యుల మతంలో పురుషుడు నిష్క్రియుడు, ప్రకృతి జడం. మరి సృష్టి ఎట్లు ప్రవర్తిస్తున్నది? అయస్కాంతం తాను కదలకయే కేవల సాన్నిధ్యంతో ఇనుమును కదిలించినట్లు, పురుష సాన్నిధ్యం చేత ప్రకృతి ప్రవర్తిస్తున్నదని వారు సమాధానమిచ్చారు. బ్రహ్మసూత్రాల ద్వితీయాధ్యాయ ద్వితీయపాదంలో ఈ వాదం పూర్వపక్షంగా వచ్చింది. శంకర భగవత్పాదుల ఖండన నిశితమైనది. పురుష సాన్నిధ్యం నిత్యం కనుక ప్రవృత్తి కూడా నిత్యం కావలసి వస్తుంది, అప్పుడు మోక్షమే సిద్ధించదు. అయస్కాంత సాన్నిధ్యమో అనిత్యం. పైగా ఆ రాయికి శుభ్రపరచడం మొదలైన అపేక్ష ఉన్నది. కనుక పోలిక కుదరదు.

విశేషమేమనగా, అదే పాదంలో కొద్దిగా ముందు, స్వయంగా ప్రవృత్తి లేనిది ఇతరాన్ని ప్రవర్తింపజేయగలదని చెప్పడానికి భగవత్పాదులే ఈ శిలను ఉదాహరించారు. ఇది పరస్పర విరోధం కాదు. దృష్టాంతం ఒక అంశంలోనే వర్తిస్తుంది. సర్వాంశాలలో సామ్యం ఉంటే అది దృష్టాంతమే కాదు, ఆ వస్తువే అవుతుంది.

అయస్కాంతానికి ఇతర ధర్మాలు ఉన్నాయని కాలక్రమంలో అన్యదేశాలలో తెలిసింది. చైనాలో షెన్ కువో 1088 ప్రాంతంలో రచించిన గ్రంథంలో, ఆ రాతితో రుద్దిన సూది దక్షిణ దిక్కును చూపుతుందని, అదీ కొద్దిగా తూర్పుకు ఒరుగుతుందని వ్రాశాడు. 1269లో పెట్రస్ పెరెగ్రినస్ ధ్రువాలను వర్ణించాడు: సజాతి ధ్రువాలు వికర్షించుకొంటాయి, విజాతి ధ్రువాలు ఆకర్షించుకొంటాయి, రాతిని రెండుగా ఖండిస్తే ప్రతి ఖండానికీ మరల రెండు ధ్రువాలు ఏర్పడతాయి. 1600లో విలియం గిల్బర్ట్ భూగోళమే ఒక మహా అయస్కాంతమని ప్రతిపాదించాడు. 1820లో ఆయిర్‌స్టెడ్ విద్యుత్ప్రవాహం దిక్సూచి ముల్లును కదిలించడం చూపాడు.

పైన పేర్కొన్న మన గ్రంథస్థలాలలో దిక్కుల ప్రసక్తి గాని ధ్రువాల ప్రసక్తి గాని లేదు. లేనిదానిని ఉన్నదని బాలురకు బోధిస్తే, రేపు వారు మూలాన్ని తెరచి చూచిననాడు ఉన్నదానిని కూడా విశ్వసించరు. శాస్త్రానికి ఇంతకంటె అపచారం వేరే లేదు.

ఇక్కడ జిజ్ఞాసువులకు ఒక సందేహం కలుగవచ్చు. ఆకర్షణ ఏకపక్షం కాదు. ఇనుము కూడా అయస్కాంతాన్ని అంతే బలంతో ఆకర్షిస్తుంది. బరువైన ఇనుప దిమ్మె ముందు తేలికపాటి అయస్కాంతాన్ని ఉంచితే కదిలేది అయస్కాంతమే. అట్లయితే నిశ్చల ప్రేరకమనే ఉపమానం కూలిపోదా? ఉపమానానికి హద్దు కనబడుతుంది, సిద్ధాంతం కూలదు. వేదాంతికి ఈశ్వరుని విషయంలో ప్రమాణం శ్రుతి. అయస్కాంతం బుద్ధికి ఊతం మాత్రమే. ఊతకర్రలో పగులు కనబడితే గమ్యం మారదు.

రాగి పంచపాత్ర, ఇత్తడి గంట, వెండి కిరీటం అయస్కాంతానికి లొంగవు. ఇనుప సూది లొంగుతుంది. ఈ సంగతిని పిల్లల చేతనే పరీక్షింపజేయండి. ఆ పిదప శివానందలహరిలో భక్తిని నిర్వచించిన శ్లోకాన్ని వారికి వినిపించండి. సూది సూదంటురాతిని చేరినట్లు చిత్తవృత్తి పశుపతి పాదాలను చేరి అక్కడే నిలవడం భక్తి అని అందులో ఒక ఉపమానం. రాయి కూడా సూది వైపు ఆకర్షితమవుతుందని తెలిసిన బాలుడు, స్వామి కూడా మన వైపు వస్తాడా అని అడిగితే, ఆ భావం మధురమైనదే. కాని అది భక్తుని భావనయే గాని, రాయి ఇచ్చిన ప్రమాణం కాదని కూడా వానికి చెప్పండి.

శుభం భూయాత్.