పచ్చచుక్క వెనక కథ

మొన్న సాయంత్రం మా మనవరాలు బిస్కెట్ పొట్లం తెచ్చి నా ఒళ్ళో పడేసి, "అమ్మమ్మా, దీనిమీద ఈ పచ్చ చుక్క ఎందుకుంటది?" అని అడిగింది.

"ఇందులో మాంసం, చేప, గుడ్డు లాంటివేవీ లేవని గుర్తమ్మా" అన్నాను.

"మరి అది పెట్టుమని ఎవరు చెప్పిండ్రు?"

ఈ కాలం పిల్లలకు ఒక్క జవాబుతో సరిపోదు గదా! అప్పటికేదో చెప్పి పంపించానుగానీ, రాత్రి పడుకున్నాక ఆ చుక్క నన్ను నిద్రపోనివ్వలేదు. దాని కథ చెప్పాలంటే నలభై ఏళ్ళకు పైగా వెనక్కి వెళ్ళాలి. అందులో దేశంలోకెల్లా పెద్ద ఇంటి అత్తాకోడళ్ళ తగవుంది. మన రామారావుగారున్నారు. మన రాష్ట్రంలో నాలుగే నాలుగు సీట్లు గెలిచి, తర్వాత మాయమైపోయిన ఓ చిన్న పార్టీ ఉంది.

1980 జూన్ 23న ఢిల్లీలో చిన్న విమానం కూలి సంజయ్ గాంధీ చనిపోయాడు. అప్పటికి ఆయన భార్య మేనకకు ఇరవై మూడేళ్ళు. చంకలో మూడు నెలల పసివాడు. అత్తగారు ఇందిరాగాంధీ ప్రధానమంత్రి. ఏ ఇంట్లోనైనా ఇలాంటి కష్టం వస్తే అత్తాకోడళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తారు. కానీ అది సింహాసనం ఉన్న ఇల్లు. కొడుకు స్థానం ఎవరిదన్న ప్రశ్న అక్కడ కన్నీళ్ళు ఆరకముందే లేచింది. 1981లో పెద్దకొడుకు రాజీవ్ అమేథీ నుంచి పార్లమెంటుకు వెళ్ళాడు. 1982 మార్చిలో ఇందిర లండన్‌లో ఉండగా, సంజయ్ అనుచరులు లక్నోలో సభ పెట్టారు. వద్దన్నా వినకుండా మేనక ఆ సభకు వెళ్ళి మాట్లాడింది. అత్తగారు తిరిగివచ్చిన రోజే, మార్చి 28 రాత్రి, నిద్రకళ్ళతో ఉన్న రెండేళ్ళ కొడుకును ఎత్తుకుని ఆవిడ ఆ ఇల్లు వదిలి బయటికొచ్చింది. గేటు బయట పత్రికలవాళ్ళు కెమెరాలతో నిలబడి ఉన్నారు. తప్పు అత్తదా కోడలిదా అని అప్పట్లో ప్రతి ఇంటి అరుగుమీదా పంచాయితీ నడిచింది. అత్తలంతా ఇందిర పక్షం, కోడళ్ళంతా మేనక పక్షం!

ఇక్కడే చిత్రం చూడండి. సరిగ్గా ఆ మర్నాడు, మార్చి 29న, హైదరాబాదులో నందమూరి తారక రామారావుగారు తెలుగుదేశం పార్టీని ప్రకటించారు. ఇద్దరికీ ఎదుటిపక్షం ఒక్కటే. ఎదుటిపక్షం ఒక్కటైతే చుట్టరికం కలవడానికి ఎంతసేపు? 1983 జనవరిలో మన రాష్ట్రంలో శాసనసభ ఎన్నికలు వచ్చినప్పుడు మేనక అనుచరుల సంజయ్ విచార్ మంచ్‌తో రామారావుగారు పొత్తు పెట్టుకున్నారు. వాళ్ళకు వదిలిన సీట్లు ఐదు. గెలిచినవి నాలుగు.

ఆ ఎన్నికలు నాకు బాగా గుర్తు. నస్పూర్ అప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. మంచిర్యాల జిల్లా అయింది 2016లో. బొగ్గుపొడి పేరుకున్న క్వార్టర్ల గోడలమీద సైకిలు బొమ్మలు వెలిశాయి. రోజూ గనికి సైకిలు మీదనే వెళ్ళే మా వారు, "చూసినవా, నా బండికి కూడా ఓట్లడుగుతున్నరు" అని నవ్వేవారు. 1956 నుంచీ ఎదురులేని కాంగ్రెసు ఆ దెబ్బతో పడిపోయింది. తెలుగుదేశం 200కు పైగా సీట్లతో గద్దెనెక్కింది. ఆ హోరులో నాలుగు సీట్ల పార్టీని ఎవరు పట్టించుకుంటారు? ఆ మే నెలలో రామారావుగారు విజయవాడలో దేశంలోని ప్రతిపక్ష నాయకుల్ని సమావేశపరిచినప్పుడు మేనక కూడా వచ్చి వాళ్ళ మధ్య కూర్చుంది. అంతమంది తలపండినవాళ్ళ మధ్య ఇరవై ఆరేళ్ళ పిల్ల!

అయితే ఆ పార్టీ మూగజీవాల కోసం పెట్టింది కాదు. రాష్ట్రీయ సంజయ్ మంచ్ అన్న పేరుతో అది మాట్లాడిందంతా యువకుల గురించీ, ఉద్యోగాల గురించీ. చనిపోయిన భర్త పేరే దానికి పెట్టుబడి. ఆ పెట్టుబడి ఎంతోకాలం నిలవలేదు. 1984 డిసెంబరులో అమేథీలో బావగారి మీదనే పోటీ చేసి మూడు లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయింది. అప్పటికి రెండు నెలల కిందటే ఇందిర హత్య జరిగింది. దేశమంతా రాజీవ్ మీద జాలితో ఉంది. 1988లో ఆ చిన్న పార్టీ జనతాదళ్‌లో కలిసిపోయింది. నదిలో కలిసిన వాగుకు వేరే పేరుండదు గదా.

ఆశ్చర్యమేమిటంటే, భర్త పేరుతో పెట్టిన పార్టీ పోయాకే ఆవిడకు తనదంటూ ఒక పని దొరికింది. 1989లో పిలిభిత్ నుంచి గెలిచి పర్యావరణ శాఖ మంత్రి అయింది. 1992లో 'పీపుల్ ఫర్ ఏనిమల్స్' సంస్థ పెట్టింది. 1998లోనూ 1999లోనూ ఏ పార్టీ గుర్తూ లేకుండా ఇండిపెండెంటుగా నిలబడి గెలిచింది. 2004లో భారతీయ జనతా పార్టీలో చేరింది. 2024లో సుల్తాన్‌పూర్‌లో ఓడిపోయింది. పార్టీలు మారాయి, పదవులు వచ్చాయి, పోయాయి. మారనిది మూగజీవాల గొడవ ఒక్కటే.

ఈ బాటలో ఆవిడే మొదటిది కాదు లెండి. అంతకు ముప్ఫై ఏళ్ళ ముందే, మద్రాసు కళాక్షేత్రం స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభకు నామినేట్ అయి, జంతుహింస నివారణ కోసం సొంతంగా బిల్లు పెట్టారు. నెహ్రూగారు ప్రభుత్వమే చట్టం తెస్తుందని మాటిచ్చాక వెనక్కి తీసుకున్నారు. 1960లో ఆ చట్టం వచ్చింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలు ఆవిడే. చట్టం పుస్తకంలోకి ఎక్కించింది నాట్యం నేర్పిన చేయి. దాన్ని పట్టుకుని కొట్లాడింది అత్తింటినుంచి బయటికొచ్చిన కోడలు. ఓటు లేని జీవాల తరఫున ఈ దేశంలో గట్టిగా మాట్లాడిన ఇద్దరూ ఆడవాళ్ళే కావడం ఊరికే జరిగిందంటారా?

మన చిన్నప్పుడు ఎలుగుబంటిని ఆడించేవాళ్ళు వీధిలోకి వచ్చేవాళ్ళు, గుర్తుందా? పిల్లల్ని దానిమీద కూర్చోబెడితే దడుపు పోతుందనేవారు. దాని వెంట్రుక తాయెత్తులో పెట్టి మెడలో కట్టేవారు. నాకూ కట్టారు. దాని మూతిని కాల్చిన సూదితో పొడిచి తాడు దూరుస్తారనీ, పళ్ళు ఊడగొడతారనీ ఎవరు చెప్పారు మనకు? 1998 అక్టోబరులో, జంతు సంక్షేమం మేనక చేతికింద ఉన్నప్పుడు, ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలతో ఆటలు ఆడించరాదని కేంద్రం ఉత్తర్వు తెచ్చింది. సర్కసువాళ్ళు కోర్టుకెక్కారు. 2001లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వునే నిలబెట్టింది. ఎలుగును నమ్ముకుని బతికిన కుటుంబాల పొట్టమీద దెబ్బపడిన మాటా నిజమే. మంచి పని కూడా ఎవరో ఒకరికి కష్టం పెట్టకుండా జరగదు.

ఇక మన పచ్చచుక్క. కొనే వస్తువులో ఏం కలిసిందో తెలుసుకోవడం కొనేవాళ్ళ హక్కని గట్టిగా పట్టుబట్టినవాళ్ళలో మేనక ఒకరు. 2001 నాటికి పొట్లాలమీద శాకాహారానికి పచ్చచుక్క, మాంసాహారానికి గోధుమరంగు చుక్క ఉండాలన్న నియమాలు వచ్చేశాయి. చదువురాని తల్లి కూడా చూసి తెలుసుకోగల అక్షరం అది. మా ఇంట్లో ఆదివారం కోడికూర ఉండాల్సిందే, కాబట్టి నీతులు చెప్పే అర్హత నాకు లేదు. అయినా ఉపవాసం రోజున ఆ చుక్కను వెతకని ఇల్లాలెవరు?

అదే ఏడు కుక్కల నియమాలు కూడా వచ్చాయి. వీధికుక్కల్ని చంపకూడదు. పట్టుకెళ్ళి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, తెచ్చినచోటే వదలాలి. ఒకచోట కుక్కల్ని తీసేస్తే ఆ ఖాళీలోకి కొత్తవి వస్తాయని, ఉన్నవాటికే టీకా వేస్తే మేలని దాని వెనక లెక్క. ఎమర్జెన్సీలో సంజయ్ గాంధీ మనుషులకు బలవంతపు ఆపరేషన్లు చేయించి అపఖ్యాతి తెచ్చుకున్నాడు. భార్య ఆ కత్తిని కుక్కలవైపు తిప్పింది! చరిత్రకు కూడా హాస్యం తెలుసు.

కానీ హాస్యం ఎంతసేపు? పోయిన చలికాలం పక్కింటి వదినె కొడుకు నైట్ షిఫ్టు దిగి బండిమీద వస్తుంటే మూలమలుపు దగ్గర నాలుగు కుక్కలు వెంటపడ్డాయి. పడిపోయి చెయ్యి విరిగింది. వదినె మా గుమ్మంలో నిలబడి, "అన్నంల మందు కలిపి పెడత, ఏదైతె అదైతది" అంది. నేనేం చెప్పను? చట్టం పేరెత్తితే "నీ కొడుకైతె గిట్లనే అంటవా?" అంటుంది. అనాల్సిందే కూడా. తిరిగి తెచ్చి వదలడం సులువే. ముందు పట్టి, కోసి, టీకా వేసే పని ఊరూరా పూర్తిగా జరగాలి. సగం పని చేసి వదిలేస్తే కుక్కలకూ న్యాయం లేదు, మనుషులకూ లేదు. ఈ తగవు 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు దాకా పోయింది. 11వ తేదీన ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమన్న కోర్టే, 22న మాట సవరించి, ఆపరేషనూ టీకా అయినవాటిని తిరిగి వదలమంది. పిచ్చివీ, మీదపడేవీ తప్ప. అంత పెద్ద కోర్టుకే పదకొండు రోజుల్లో మాట మార్చుకోవాల్సి వచ్చిందంటే, నస్పూర్ గుమ్మంలో మా ఇద్దరికీ తోచకపోవడం తప్పేం కాదు.

నెదర్లాండ్స్‌లో 2002లో ఏకంగా జంతువుల పార్టీ అనే పెట్టారు. మరియాన్నె టీమె అనే ఆవిడ నాయకత్వంలో 2006లో 150 సీట్ల సభలో రెండు గెలిచారు. జంతువుల పేరుతో ఒక పార్టీ దేశపు చట్టసభలోకి అడుగుపెట్టడం ప్రపంచంలో అదే మొదలు. మనదగ్గర అలా జరగలేదు. ఇక్కడ పార్టీ వేరే పని మీద పుట్టి, నాలుగు సీట్లు గెలిచి, మరుగైపోయింది. దాని నాయకురాలు మాత్రం ఓటు లేనివాటి వకాల్తా పుచ్చుకుని నిలబడింది. ఆవిడ కోపం, పెంకితనం అందరికీ నచ్చవు. నాకూ అన్నీ నచ్చవు. కానీ కుక్క వచ్చి ఓటెయ్యదని తెలిసీ దాని పక్షాన నిలబడినవాళ్ళను స్వార్థపరులనడం కష్టం.

వదినె మందు పెట్టలేదు. ఆ రాత్రి కోపం దిగాక, మూల మీద ఉన్న కుక్కల్లో ఒకదానికి ఆరు పిల్లలున్నాయని తానే వచ్చి చెప్పింది. "తల్లి గదా, మొరగదా మరి" అంది. కొడుకు మాత్రం ఇప్పుడు వేరే దారిన వస్తున్నాడు. గేటు పక్కన కర్ర కూడా ఉంది లెండి.

మర్నాడు పొద్దున మనవరాలికి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, చివరికి పొట్లంలోంచి రెండు బిస్కెట్లు తీసి, "ఒకటి నాకు, ఒకటి మూలమీది కుక్కకు" అంది.