నకలు – అసలు

సర్వీసంతా నకళ్లతో గడిపినవాళ్లం మనం. గెజిటెడ్ అధికారి సంతకం లేని నకలుకు అప్పట్లో విలువ ఉండేది కాదని మనకు తెలుసు. అయినా 1996లో మా సెక్షనుకు కంప్యూటరు వచ్చినప్పుడు, పక్క సెక్షను ఫ్లాపీ తెచ్చి టైపింగు ప్రోగ్రాము ఎక్కించుకున్నాం. తప్పని తోచలేదు.

ఈ తగవు అంతకు ముందుదే. అమెరికాలో ఆల్టెయిర్ కంప్యూటరుకు తాము రాసిన బేసిక్ ప్రోగ్రామును కొనకుండానే చాలామంది వాడుకుంటున్నారని 1976 ఫిబ్రవరిలో బిల్ గేట్స్ బహిరంగ లేఖ రాశారు. అప్పట్లో నకళ్లు కాగితపు టేపుల మీద తిరిగేవి.

మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టాన్ని 1984లో సవరించి, కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల కోవలో చేర్చారు. కథకున్న రక్షణే దానికీ వచ్చింది. 1994 నాటి సవరణ ప్రకారం, దొంగ నకలని తెలిసీ కంప్యూటరులో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. లాభాపేక్ష లేకుంటే కోర్టు జైలుశిక్ష మినహాయించవచ్చు. కొన్నవారు భద్రత కోసం నకలు దాచుకోవచ్చు.

ఆ సవరణ 1995 మే నెలలోనే అమలులోకి వచ్చింది. జీవోలన్నీ కంఠతా పట్టిన మేం దాన్ని మాత్రం చదవలేదు!

మన సంఘం కంప్యూటరులోని ప్రోగ్రాములకు రసీదులున్నాయో లేదో చూడాలని కార్యవర్గానికి మనవి. కొనే స్తోమత లేకుంటే, పంచుకోవడానికి రాసినవారే అనుమతించిన లిబ్రె ఆఫీస్ వంటివి ఉన్నాయి.