హ్యాండిల్ కొట్టిన కాలం

నిజాంసాగర్ ప్రాజెక్టు 1931లో పూర్తయింది. మరుసటి ఏడాది జూన్‌లో నిజాం రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఆ దశాబ్దం చివరికి బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. కోటగిరి, బాన్సువాడ చుట్టుపక్కల కాలువ నీటితోపాటు ఇంజన్ల చప్పుడూ పెరిగిందలా.

అమెరికాలో క్యాడిలాక్ కారుకు 1912లోనే సెల్ఫ్ స్టార్టర్ వచ్చినా, మన దగ్గర ఇంజన్‌ను చేత్తో తిప్పే ఇనుప హ్యాండిల్ చాలాకాలం వదల్లేదు. తొలి అంబాసిడర్లకూ అది ఉండేది. బ్యాటరీ నీరసిస్తే ముందు నుంచి దూర్చి తిప్పడమే! బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచాలి. ఇంజన్ వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది.

మెకానిక్ చెవితోనే సగం రోగం పట్టేవాడు. స్టార్టర్ ‘టక్’మని ఆగితే బ్యాటరీ, దాని టెర్మినళ్ల మీది తెల్లటి పొడి గీకి చూడాలి. ఇంజన్ తిరుగుతున్నా అందుకోకపోతే పెట్రోలో, స్పార్కో అందనట్టే. అప్పుడు సి.బి. (కాంటాక్ట్ బ్రేకర్) పాయింట్లను గరుకు కాగితంతో రుద్దేవారు. ఎండాకాలంలో పెట్రోలు గొట్టంలోనే ఆవిరై అడ్డుపడితే పంపు మీద తడిగుడ్డ వేసేవారు. ఇది నాటువైద్యంలా కనిపించినా అసలైన భౌతికశాస్త్రమే.

ఇవేవీ కుదరకపోతే నలుగురూ కలిసి నెట్టడం, సెకండ్ గేరులో క్లచ్ వదలడం.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. నేటి ఆటోమేటిక్ గేర్ల కార్లు నెట్టినా స్టార్టవవు. బ్యాటరీ ముందే చూపించుకోండి.