ఆదివారం పనికి రాం

ప్రార్థన మా జనాన్ని నిద్రపుచ్చిందని ఉద్యమ మిత్రులు అంటుంటారు. అట్లాంటి ప్రార్థనలూ ఉన్నయ్, కాదనను. కానీ ఒంగోలు మాదిగల చరిత్ర వేరే మాట చెబుతుంది.

1866లో క్లౌ దొర ఒంగోలు వచ్చాక, యర్రగుంట్ల పేరయ్య వెంట మాదిగలు విశ్వాసంలోకొచ్చారు. నియమాలు మూడు: ఆదివారం పని చెయ్యగూడదు, చచ్చిన గొడ్డు తినగూడదు, విగ్రహాలకు మొక్కగూడదు. భక్తి మాటలే. అయితే వెట్టిచాకిరీ ఊళ్లో మాదిగోడు "ఇవాళ ప్రార్థన, పనికి రాను" అంటే కామందు ఊరుకుంటాడా? పగబట్టారు, కొట్టారు.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలవ పని మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకున్నాడు. కూలి మావాళ్ల చేతికే అందింది. తిండికోసం కలిశారనే పేరు రాకూడదని కరువులో బాప్తిస్మాలు ఆపాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు.

మా నాయనమ్మకు ఈ లెక్కలు తెలవ్వు. ఆమె ప్రార్థనలో మాత్రం కామందు ఎగ్గొట్టిన జొన్నలు, పాలేరు పిల్లోడి వీపు మీద వాతలు అన్నీ వచ్చేవి. ఊళ్లో అనలేంది చర్చిలో గొంతెత్తి అనేది. పల్లెంతా ఆమెన్ అనేది.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువైతేనే షెడ్యూల్డు కులమంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్ని కలపలేదు. మా రాష్ట్రంలో యేసును నమ్మిన మాదిగ బి.సి.-సి. అడ్మిషను రిజిస్టర్లో మతం గడి కాడికొచ్చేసరికి తల్లులు నా మొహం చూస్తారు.

"ఆదివారం చర్చికే పోతాం సారూ. నువ్వు హిందువనే రాయి."