వజ్రం, సిలికాన్, నానో స్ఫటికం: బనగానపల్లె నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

భూగర్భ శాస్త్రంలో బనగానపల్లె పేరు ఒక శిలాశ్రేణికి స్థిరపడింది. ఈ పూర్వ సంస్థాన ప్రాంతంలోని గులకరాతి పొరలలో వజ్రాలు లభించేవి. ఇక్కడి వజ్రపు గనులను విలియం కింగ్ కడప, కర్నూలు శిలా నిర్మాణాలపై 1872లో వెలువరించిన గ్రంథంలో వర్ణించాడు.

అర్ధవాహక శాస్త్ర దృష్టిలో వజ్రపు శక్తి అంతరం సుమారు 5.5 ఎలక్ట్రాన్ వోల్టులు. కంటికి కనిపించే కాంతి కణాల శక్తి 3 ఎలక్ట్రాన్ వోల్టులను పెద్దగా మించదు. అందుచేత శుద్ధ వజ్రం ఆ కాంతిని గ్రహించదు. రత్నానికి విలువనిచ్చే ఈ పారదర్శకతే సౌరఘటానికి పనికిరాని గుణం. సిలికాన్ శక్తి అంతరం సుమారు 1.1 మాత్రమే. 1954లో బెల్ ప్రయోగశాల ప్రదర్శించిన సౌరఘటం దానితోనే తయారైంది. బనగానపల్లెకు ఉత్తరాన గని, శకునాల గ్రామాల వద్ద 2017లో పూర్తయిన 1000 మెగావాట్ల సౌర పార్కు ఆ పరంపరకు చెందినదే.

వజ్రమైనా సిలికానైనా శక్తి అంతరం ప్రకృతి నిర్ణయించినదే. ఈ పరిమితిని నానో స్ఫటికాలు సడలించాయి. కణం కొన్ని నానోమీటర్లకు కుదించుకుపోయినప్పుడు ఎలక్ట్రాన్ల సంచారం ఇరుకై, శక్తి అంతరం పెరుగుతుంది. 1980ల తొలినాళ్లలో ఎకిమోవ్ గాజులోనూ, బ్రూస్ ద్రావణంలోనూ దీనిని గుర్తించారు. 1993లో బావెండి బృందం వేడి ద్రావకంలోకి ముడి రసాయనాలను ఒక్కసారిగా చొప్పించి, దాదాపు ఒకే పరిమాణం గల స్ఫటికాలను సాధించింది. ఉష్ణోగ్రత, వ్యవధి మార్చితే పరిమాణం మారుతుంది. సహజంగా 0.4 ఎలక్ట్రాన్ వోల్టులున్న లెడ్ సల్ఫైడ్ అంతరాన్ని ఈ విధంగా సౌరఘటానికి అనువైన 1.3 వరకు పెంచవచ్చు. ఈ ముగ్గురికీ 2023లో రసాయనశాస్త్ర నోబెల్ లభించింది.

అయినా ఈ పదార్థాలు పొలాల మధ్య సౌర పార్కులలో సిలికాన్ స్థానాన్ని పొందలేదు. నానో స్ఫటికంలో గణనీయమైన భాగం పరమాణువులు ఉపరితలం మీదనే ఉంటాయి. గాలి, తేమ, వేడిమి వాటిని త్వరగా చెరుపుతాయి. పైగా సీసం, కాడ్మియం విషపదార్థాలు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో టిన్ సల్ఫైడ్ పలుచని పొరలపై సాగిన పరిశోధనకు ప్రాధాన్యం ఇక్కడనే ఉంది. తగరం, గంధకం సులభంగా లభించేవి, విషప్రభావం తక్కువగా కలవి.

వజ్రాలు తరలిపోగా ఈ నేలకు మిగిలినవి గోతులు. రేపటి సౌరఘటాలు సీసాన్ని మిగల్చకూడదంటే, వాటి మన్నికను, వాడకం ముగిసిన తరువాతి సేకరణను రాయలసీమ వేసవి ఎండలోనే పరీక్షించవలసి ఉంది. ప్రయోగశాలలో సాధించిన సామర్థ్యపు శాతం ఒక్కటే ఇందుకు కొలమానం కాజాలదు.