తీర్పరికి హద్దులు: గాన్ శిక్షణా పద్ధతుల పరిణామం (2014–2018)

2014లో మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో ఇయాన్ గుడ్‌ఫెలో, ఆయన సహపరిశోధకులు జనరేటివ్ అడ్వర్సేరియల్ నెట్‌వర్క్‌ను ప్రతిపాదించారు. సంక్షిప్తంగా దీనిని గాన్ అంటారు. చిత్రాలను కల్పించే జనరేటర్, అసలు చిత్రాల నుంచి కల్పితాలను వేరుచేసే డిస్క్రిమినేటర్ అనే రెండు నాడీజాలాల పోటీ దీనికి మూలసూత్రం. డిస్క్రిమినేటర్ తీర్పు ఆధారంగానే జనరేటర్ తనను తాను సవరించుకుంటుంది. గాన్ శిక్షణను మెరుగుపరచడానికి జరిగిన ప్రధాన ప్రయత్నాలు చాలావరకు ఈ తీర్పరిని అదుపులో ఉంచే ప్రయత్నాలేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

సమస్య తొలి పత్రంలోనే కనిపిస్తుంది. శిక్షణ ఆరంభంలో డిస్క్రిమినేటర్ కల్పితాలను సులభంగా పసిగట్టడంతో జనరేటర్‌కు అందవలసిన గ్రేడియెంట్ క్షీణిస్తుంది. అందువల్ల రచయితలు జనరేటర్ లక్ష్య ప్రమేయాన్నే మార్చి వాడారు. 2015 చివర రాడ్‌ఫర్డ్, మెట్జ్, చింతాల రూపొందించిన డీసీగాన్ కన్వొల్యూషన్ పొరలతో, బ్యాచ్ నార్మలైజేషన్‌తో నిర్మాణపరమైన స్థిరత్వాన్ని సాధించింది.

2016లో టిమ్ సాలిమన్స్ బృందం తీర్పరిపైనే నేరుగా దృష్టి పెట్టింది. అసలు చిత్రాలకు 1కి బదులు 0.9 వంటి విలువను లక్ష్యంగా ఇచ్చి దాని అతివిశ్వాసాన్ని తగ్గించింది. జనరేటర్ ఒకే తరహా చిత్రాలను పునరావృతం చేసే మోడ్ కొలాప్స్‌ను గుర్తించడానికి, అనేక నమూనాలను కలిపి పరిశీలించే అవకాశాన్ని డిస్క్రిమినేటర్‌కు కల్పించింది.

2017లో మార్టిన్ ఆర్జోవ్‌స్కీ, సౌమిత్ చింతాల, లియాన్ బొటూ ప్రతిపాదించిన వాసర్‌స్టీన్ గాన్ ఈ పరిణామంలో కీలకమైన మలుపు. తీర్పరి ఎంత బాగా నేర్చుకున్నా జనరేటర్‌కు ఉపయోగపడే గ్రేడియెంట్ అందాలన్నది దాని ఆశయం. ఇందుకు తీర్పరి ప్రమేయం లిప్షిట్జ్ నియమానికి లోబడాలి. ఆ నియమం కోసం వెయిట్‌లను ఒక పరిధికి కత్తిరించే పద్ధతి సరైనది కాదని రచయితలే అంగీకరించారు. అదే ఏడాది గుల్‌రజానీ బృందం గ్రేడియెంట్ పెనాల్టీని, 2018లో మియాటో బృందం స్పెక్ట్రల్ నార్మలైజేషన్‌ను ప్రత్యామ్నాయాలుగా చూపాయి.

అయితే ఈ క్రమాన్ని నిరంతర పురోగతిగా చిత్రించడం సమంజసం కాదు. లూచిచ్ బృందం 2017 చివర వెలువరించిన తులనాత్మక అధ్యయనం ప్రకారం, హైపర్‌పారామీటర్ల అన్వేషణకు తగినంత గణన వనరు కేటాయిస్తే చాలా నమూనాలు దాదాపు సమాన ఫలితాలను ఇస్తాయి. అంటే మెరుగుదలగా కనిపించినదానిలో కొంత భాగం గణన వనరుల వ్యత్యాసమే కావచ్చు.

2018లో వచ్చిన బిగ్‌గాన్ ఈ సందేహాన్ని మరింత లోతుకు తీసుకువెళ్లింది. ఒక్కో విడతకు 2048 చిత్రాలతో శిక్షణ పొందిన ఆ నమూనాలో డిస్క్రిమినేటర్‌ను గట్టిగా నిగ్రహిస్తే స్థిరత్వం లభించింది, కానీ చిత్రాల నాణ్యత బాగా తగ్గింది. అందుచేత పరిశోధకులు శిక్షణ కుప్పకూలడాన్ని అనుమతించి, అంతకుముందు భద్రపరచిన వెయిట్‌లను స్వీకరించారు.

స్థిరత్వమూ నాణ్యతా ఒకటి కావని దీనివల్ల స్పష్టమవుతుంది. కాబట్టి శిక్షణలో మెరుగుదల సాధించామని చెప్పే పరిశోధన, అది ఈ రెండింటిలో దేనికి సంబంధించినదో, ఎంత గణన వ్యయంతో సిద్ధించిందో కూడా చెప్పవలసి ఉంటుంది.